పెదవి మీది గీత

ఓబులేసు ఒక గీత గీయలేకపోతున్నాడు.

బియ్యపు గింజంత గీత. ఐదేళ్ళ పిల్ల పై పెదవి మీద మొదలై ముక్కు వైపు పోయే గీత. కంప్యూటరు ముందు కూర్చుని గీసేవాడు, చూసేవాడు, చెరిపేవాడు. మళ్ళీ గీసేవాడు.

అంతకు ముందు అతనికి చేతకానిదంటూ లేదు. ఏడాది నిండని పసివాణ్ణి తామరపువ్వులో నిద్రపుచ్చాడు. పాలపళ్ళ పిల్లను సీతాకోకచిలుక మీద ఎక్కించి మబ్బుల్లో తిప్పాడు. బడికి పోనని ఏడ్చే పిల్లవాణ్ణి సింహం పక్కన నిలబెట్టి, దాని జూలు చేతికిచ్చాడు. పచ్చగుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి పిల్లల ఫోటోలు తీసేవాడు. తక్కిన లోకమంతా కంప్యూటరులో తానే పుట్టించేవాడు. మైదుకూరు నుంచి, జమ్మలమడుగు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని చంకనేసుకుని ప్రొద్దుటూరు వచ్చి, ఓబులేసు ఎవరని అడిగేవారు.

స్టూడియో దస్తగిరి సాహెబుది. నెగటివ్ మీద సన్న పెన్సిలుతో ముఖాలు దిద్దడం, నలుపు తెలుపు ఫోటోలకు దూదితో రంగులద్దడం తెలిసిన పాతకాలపు మనిషి. ఓబులేసు పదో తరగతి తప్పి ఆయన దగ్గర చేరాడు. కెమెరా పట్టడం, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూడడం ఆయనే నేర్పాడు. కంప్యూటరు మాత్రం ఓబులేసు సొంతంగా నేర్చుకున్నాడు. ఆ మాట గురువు దగ్గర దాచుకునేవాడు కాదు.

"ఉస్తాద్, మీరు ఉన్నదాన్ని దిద్దినారు. నేను లేనిదాన్ని చేస్తున్నా," అన్నాడొకసారి.

"మంచిదేరా," అన్నాడు దస్తగిరి.

ఆ మాటకు ఓబులేసు చాలా రోజులు సంతోషపడ్డాడు.

ఒక వేసవిలో సుభద్ర తన కూతురు పల్లవిని పుట్టినరోజు ఫోటోకని తీసుకువచ్చింది. పల్లవి చీలిన పెదవితో పుట్టింది. పసితనంలోనే ఆపరేషను చేసి కుట్టారు. బాగానే అతుక్కుంది గానీ గీత మిగిలింది. నవ్వితే పెదవి ఒకవైపు కొంచెం ఎగదన్నుకుని పోయేది.

కెమెరా ఎత్తగానే పిల్ల అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు ఓబులేసు.

తియ్యలేదు. వాళ్ళమ్మ చెప్పినా తియ్యలేదు. ఓబులేసు కెమెరా తాడు నెత్తిన చుట్టుకుని, మేకలాగా అరుస్తూ స్టూలు చుట్టూ తిరిగాడు. పిల్ల ముందు వేళ్ళ సందులోంచి చూసింది. తర్వాత ఆపుకోలేక రెండు చేతులూ తీసి చప్పట్లు కొడుతూ నవ్వింది. ఆ నవ్వు మీద ఓబులేసు మీట నొక్కాడు.

పిల్ల చెప్పులు వేసుకుంటుండగా సుభద్ర అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఆ గీత తీసెయ్యి నాయనా. చూసినోళ్ళంతా దాన్నే అడుగుతారు. పటంలోనన్నా లేకుండా చెయ్యి."

"అదెంత పనక్కా," అన్నాడు ఓబులేసు.

నిజంగానే అదెంత పనీ కాలేదు. పిల్లను చందమామ మీద కూర్చోబెట్టి, వీపుకు హంస రెక్కలు పెట్టాడు. కాళ్ళ కింద చుక్కలు చల్లాడు. పెదవిని రెండువైపులా సమం చేశాడు. పళ్ళు కూడా వరుసకు తెచ్చాడు. తన పనుల్లో అంత అందంగా వచ్చింది ఇంకోటి లేదనిపించింది.

పటం తీసుకుపోవడానికి తల్లీకూతుళ్ళు వచ్చిన రోజున పల్లవి దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. రెక్కల్ని పట్టించుకోలేదు. చందమామ సంగతే ఎత్తలేదు.

"అన్నా, నా గీత యాడ పోయింది?" అని అడిగింది.

"తీసేసినా."

"ఎవరికిచ్చినావు?"

ఓబులేసు పగలబడి నవ్వాడు. సుభద్ర కూడా నవ్వింది. మూలన కుర్చీలో కూర్చున్న దస్తగిరి మాత్రం నవ్వలేదు. పిల్ల జవాబు కోసం చూస్తోంది. ఎవరూ చెప్పకపోయేసరికి, అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది.

వానలు పడ్డాక ఊళ్ళో విషజ్వరాలు మొదలయ్యాయి. పల్లవికీ వచ్చింది. ముందు మామూలు జ్వరమే అనుకున్నారు. పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

కొన్నాళ్ళకు సుభద్ర ఆ పటాన్ని ఎత్తుకుని స్టూడియోకు వచ్చింది. గాజు వైపు కిందికి పెట్టి బల్ల మీద బోర్లించింది.

"ఇందులో మా బిడ్డ లేదు నాయనా. మా బిడ్డది ఇయ్యి," అంది.

దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాడు ఓబులేసు. కూర్చోమన్నాడు. నీళ్ళిచ్చాడు. ఆమె నీళ్ళు ముట్టలేదు.

"నువ్వు ముందుగాల తీసినావే, నవ్వుతా ఉన్నది. రెక్కలు పెట్టకముందుది. అది కావాల."

అప్పుడర్థమైంది అతనికి. కంప్యూటరంతా వెదికాడు. పని పూర్తయ్యాక అన్నీ కలిపి ఒక్క ఫోటోగా చేసి, తక్కినవి తీసేయడం అతని అలవాటు. కెమెరా కార్డులో ఏమన్నా మిగిలిందేమోనని చూశాడు. దాని మీద ఎవరెవరివో పెళ్ళిళ్ళు ఎక్కేశాయి.

"ఫోనులో ఉంటాయి కదక్కా, వాటిలో ఒకటి ఇస్తే..."

సుభద్ర ఫోను తీసి అతని ముందు పెట్టింది. ఓబులేసు వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ పోయాడు. ఉయ్యాల మీద పల్లవి, నోటికి చెయ్యి అడ్డం. కుక్కపిల్లతో పల్లవి, నోటికి చెయ్యి అడ్డం. బడిలో అందరితో కలిసి నిలబడిన ఫోటోలో కూడా అంతే. నిద్రలో తీసినదాంట్లో ముఖం తల్లి డొక్కలో దాచుకుని ఉంది.

"నేనే నేర్పినా," అంది సుభద్ర. "ఫోను ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టుకోమని. తర్వాత తర్వాత చెప్పకముందే పెట్టుకునేది. నీ దగ్గర ఒక్కసారే తీసింది చెయ్యి."

ఓబులేసు ఫోను తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే గదా తీసినావు ఆ గీత. మళ్ళీ పెట్టు. తీసినోనికి పెట్టను రాదా?"

పెడతానన్నాడు. ఆ మాట అన్నప్పుడు నమ్మకంగానే ఉన్నాడు.

మొదటిసారి గీసినదాన్ని చూసి సుభద్ర తల అడ్డంగా ఊపింది. రెండోసారి గీసినప్పుడు, ఇంకా పైకి ఉండేదేమో అంది. పైకి జరిపాడు. కాదంది. అటువంటి పెదవులున్న పిల్లల ఫోటోలు ఎక్కడెక్కడివో వెదికి, ఒక గీతను ఎత్తుకొచ్చి పల్లవి పెదవి మీద అతికించాడు. వెలుతురు కలిపాడు, రంగు కలిపాడు. అతికించినట్టు ఎవరూ పోల్చలేరు.

సుభద్ర పోల్చింది.

"ఇది వేరే బిడ్డది నాయనా. ఆ తల్లి యాడుందో," అంది.

"ఎట్లా ఉండేదో చెప్పక్కా. నువ్వు చెప్పినట్టే గీస్తా."

"ఎట్లా చెప్పేది? దాని మూతి మీద ఉన్నట్టు ఉండేది."

తర్వాత ఆమె రావడం మానేసింది. పటం స్టూడియోలోనే ఉండిపోయింది. ఓబులేసు గీయడం మాత్రం మానలేదు. సీతాకోకచిలుకల కోసం వచ్చినవాళ్ళను తర్వాత రమ్మని పంపేశాడు. ఎవరి పిల్లను చూసినా ముందు పెదవే కనబడేది. గోడకున్న తన పాత పనుల వంక చూస్తే, మబ్బుల మీద, పువ్వుల్లో, సింహాల పక్కన అన్నీ నున్నటి ముఖాలే. ఏ పిల్లకు ఏది తీసేశాడో ఒక్కటీ గుర్తు రాలేదు. వాటినన్నిటినీ దించి గోడకు తిప్పి పెట్టాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడని అతని భార్య వచ్చి దస్తగిరితో చెప్పుకుంది.

ఒకనాటి మధ్యాహ్నం ఓబులేసు కంప్యూటరు ముందు నుంచి లేచి గురువు కుర్చీ దగ్గర కింద కూర్చున్నాడు.

"నాకు చేతకాలేదు ఉస్తాద్. మీరు పెన్సిలుతో గీయండి. మీరు ఆ బిడ్డను చూసినారు గదా."

"బిడ్డను చూసినా. గీతను వేరుగా చూడలేదు."

"నేను చూసినా ఉస్తాద్. తెర నిండా పెద్దది చేసుకుని చూసినా. చుక్క చుక్కా నా చేత్తోనే తుడిచినా. అంత దగ్గరగా చూసింది ఎట్లా గుర్తు లేకుండా పోతాది?"

దస్తగిరి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఆ పటం ఎత్తుకో," అన్నాడు.

సుభద్ర ఇల్లు మగ్గాల వీధి చివర. భర్త వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఓబులేసు చేతిలో పటాన్ని చూడగానే అతను లేచి వీధిలోకి నడిచిపోయాడు. సుభద్ర చాప పరిచింది. పటం వైపు చూడలేదు.

"ఇంక వద్దు పెద్దాయనా," అంది దస్తగిరితో. "మీ పిల్లోడు పాపం శానా కష్టపడినాడు. తీసెయ్యమనింది నేనే గదా. నా నోటితోనే చెప్పినా. ఇంకొకర్ని అనేదానికేముంది?"

దస్తగిరి పటాన్ని ఓబులేసు చేతిలోంచి తీసుకుని ఆమె ఎదురుగా గోడకు ఆనించి నిలబెట్టాడు. తాను చాప మీద కూర్చున్నాడు. పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది.

"అమ్మా, కుట్లు విప్పినాక డాక్టరు ఏం చెప్పినాడు?" అని అడిగాడు దస్తగిరి.

సుభద్ర ఆ ప్రశ్నకు తడబడింది. "రోజూ నూనె రాయమన్నాడు. రాస్తా ఉంటే గీత మెత్తబడతాదని."

"రాస్తా ఉంటివా?"

"రాయకుండా ఎట్లా? పొద్దున, పడుకునే ముందర. మొన్న జ్వరంలో కూడా రాసినా."

"ఎట్లా రాస్తా ఉంటివి?"

"ఎట్లా అంటే..." ఆమె ఆగిపోయింది. కుడిచేతి ఉంగరపు వేలు దానంతట అదే కొంచెం కదిలింది.

"రాయి తల్లీ," అన్నాడు దస్తగిరి.

సుభద్ర చాలాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత లేచి లోపలికి పోయి చిన్న గిన్నెలో కొబ్బరినూనె తెచ్చుకుంది. పటం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ అరచేతిని పిల్ల గడ్డం కింద, గాజుకు ఆనించి పట్టుకుంది. ఉంగరపు వేలు నూనెలో ముంచింది.

వేలు పెదవి అంచు దగ్గర మొదలైంది. నిటారుగా పోలేదు. కొంచెం ఎడమకు వాలి, సగంలో చిన్న వంపు తిరిగి, అక్కడ ఆగింది.

"ఈడ ఆగాల," అంది సుభద్ర, ఎవరి వంకా చూడకుండా. "ముక్కుకు దగ్గర గదా. ఒక్కసారిగా పోతే తుమ్ముతాది."

ఆగి, మళ్ళీ కదిలి, ముక్కు అంచున ముగిసింది.

వేలు తీసేసరికి గాజు మీద గీత ఉంది. వాకిట్లోంచి వస్తున్న వెలుతురు దాని మీద పడి మెరిసింది. కింద ఓబులేసు సమం చేసిన పెదవి ఆ నూనె వెనక కొంచెం వంకరపోయింది. చందమామ లేదు, రెక్కలు లేవు. ఎగదన్నుకున్న పెదవితో, ఒక క్షణం, పిల్ల నవ్వింది.

ఓబులేసు ముందుకు వంగాడు. వంపు. సగంలో వంపు. ఇన్నాళ్ళూ తెలియనిది అదే. గబగబా జేబులోంచి ఫోను తీసి పటానికి గురిపెట్టాడు.

"దొరికింది ఉస్తాద్," అన్నాడు గుసగుసగా.

దస్తగిరి చెయ్యి చాపి ఫోనును అరచేత్తో మూసేశాడు.

"ఏం దొరికిందిరా?"

ఓబులేసు తల ఎత్తి చూశాడు.

నూనె అప్పటికే జారుతోంది. వంపు కరిగిపోయింది. గీత పెదవి దాటి, గడ్డం మీదుగా, కిందున్న చుక్కల మీదికి కారుతోంది. సుభద్ర కొంగుతో దాన్ని తుడిచి, ఎడమ అరచేతిని మళ్ళీ పిల్ల గడ్డం కింద సర్దుకుంది.

"కదలొద్దమ్మా," అంటూ వేలు నూనెలో ముంచింది.