లంక మడుగులో కొర్రమీను పిల్లలు

గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఏటి నడుమ ఒక లంక. ఆ లంకలో ఒక మడుగు, మడుగుకీ ఏటికీ మధ్య సన్నటి కాలువ లాంటి బోదె. మడుగుకు పెద్ద పేరయ్య అనే తాబేలు. అరవై వానాకాలాలు చూసినవాడు కాబట్టి అక్కడ అతని మాటే మాట.

ఆ ఏడు తొలకరి బాగానే పడింది. నూకాలు అనే కొర్రమీను గుడ్లు పెట్టింది. ఎర్రటి పిల్లలు వందలకొద్దీ తల్లి చుట్టూ గుంపుగా తిరిగేవి. ఆషాఢం సగమయ్యేసరికి వాన ముఖం చాటేసింది.

అప్పుడే సముద్రపు కాకి పోలి వచ్చింది. బంగాళాఖాతం దాటి ఎక్కడో దూరాన ఉన్న తూర్పు మహాసముద్రం ఈ ఏడు వేడెక్కిందనీ, అలా వేడెక్కిన ఏళ్లలో మన వానగాలికి బలం తగ్గుతుందనీ, బంగాళాఖాతంలో ఒక్క వాయుగుండం పుట్టే జాడ కూడా లేదనీ వలస పిట్టల దగ్గర విన్నదంతా చెప్పింది. బోదెలో నీళ్లుండగానే ఏట్లోకి వెళ్లిపొమ్మంది.

"మూడేళ్ల కిందటా ఇదే చెప్పావు. ఆ ఏడు లంకంతా మునిగింది" అన్నాడు పేరయ్య.

"ఆ ఏడు మన పడమటి సముద్రం కూడా వేడెక్కింది మావా. గాలికి తడినిచ్చి మన మీదికి తోసింది. ఈసారి అది చల్లగా ఉంది. తప్పకుండా ఎండుతుందని నేననను. ఎండే అవకాశమే ఎక్కువ."

గట్టు మీద నక్క గవర్రాజు అంతా విన్నాడు. మడుగు ఎండితే విందు ఎవరికో అతనికి తెలుసు.

"తెలీదని తనే ఒప్పుకుంటోంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక? అరవై ఏళ్లు చూసిన మీకంటే ఆ పిట్టకెక్కువ తెలుసా, పెద్దాయనా?" అన్నాడు వినయంగా.

ఏట్లో చేపపిల్లల్ని మింగే వాలుగలున్నాయనీ, పిల్లలు మరీ చిన్నవనీ, ఏం చేయాలో చెప్పమనీ నూకాలు అడిగింది. బోదెలో నీరు రెండు వేళ్లు దిగడం పేరయ్య పొద్దున్నే చూశాడు. కానీ నక్క పొగిడాక వెనక్కి తగ్గడం చిన్నతనమనిపించింది.

"ఉండు. శ్రావణంలో కురుస్తుంది" అన్నాడు.

శ్రావణమంతా ఎండే కాసింది. బోదె ఎండి ఏటికి దారి తెగింది. మడుగు జానెడు బురదైంది. గవర్రాజు మూడు రోజులు కడుపునిండా తిన్నాడు. నూకాలు బురద లోపలికి దూరి బతికింది. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆశ్వయుజంలో తుఫాను వానకు మడుగు నిండింది. నూకాలు పైకి తేలింది. పేరయ్య ఆమె దగ్గరికెళ్లి, నీరు దిగడం చూసి కూడా ఉండమన్నానని చెప్పాడు.

"నేనూ చూశాను తాతా" అంది నూకాలు. "నువ్వు పెద్దవాడివని నా కళ్లను నమ్మలేదు."

బోదె వెంట ఏట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత వాన సంగతి ఎవరైనా అడిగితే, నాకు తెలీదు, పోలిని అడగండి అని చెప్పాలని పేరయ్య నిశ్చయించుకున్నాడు. కానీ అడగడానికి ఎవరూ రాలేదు.

పెద్దరికం నిలుపుకోవడానికి హెచ్చరికను తోసేస్తే, నష్టపోయేది నమ్ముకున్నవాళ్లే.