ఏరిన బియ్యం

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలు. సన్న ముసురు. ఆ పూట నేను మా బైబిలమ్మగారిని ఒక మాట అడిగాను.

ఆమె పేరు జ్ఞానసుందరమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా నడిచి గడపగడపకీ వాక్యం చెప్పింది. నడక తగ్గాక మా పల్లెలోనే ఉండిపోయింది. ప్రతి బుధవారం ఆమె వసారాలో ఆడవాళ్ళం పదిమందిమి ప్రార్థనకి కూడుతాం. ఇరవై రెండేళ్ళుగా నాకు ఆమే గురువు. చదువు రాని నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఆమెకొక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, పని చెబుతుంది. దేవుడు నా మొర వింటున్నాడా అని ఒకామె అడిగితే, మా వీధి చివర చెవిటి ముసలాయనకి వారం రోజులు గంజి కాచి పోసి రమ్మంది. ఆమె వెళ్ళింది. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

నేను అడిగింది ఇది.

"అమ్మగారూ, పిల్లని రమ్మననా, వద్దననా?"

మా అమ్మాయి హెప్సిబా ఒంగోలులో కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. మొన్న ఫిబ్రవరిలో ఇంటికొచ్చినప్పుడు నేను సంబంధం మాట ఎత్తాను. ఆ పిల్ల మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. తను మగవాణ్ణి చేసుకోదు. తనతో గదిలో ఉంటున్న తులసితోనే తన బతుకు. స్నేహంగా కాదు, జంటగా. మా ఆయన దానియేలు లేచి గేదెకి గడ్డి వెయ్యడానికి వెళ్ళాడు. గడ్డి అప్పటికే వేసి ఉంది. ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు ఆయన నోట ఆ పిల్ల పేరు రాలేదు.

వచ్చే ఆదివారం మాకు కోత పండుగ. పంట ఇంటికి చేరినందుకు సంఘమంతా ఒకే పంక్తిలో కూర్చుని తినే విందు. హెప్సి ఫోను చేసింది. "శనివారం బస్సుకి వస్తామమ్మా. ఇద్దరం. నువ్వు రమ్మంటేనే. వద్దంటే ఇంకెప్పుడూ అడగను." బుధవారం సాయంత్రంలోగా చెప్పమంది. ఇటు సంఘ పెద్ద ముందురోజే మా గుమ్మంలో నిలబడి చెప్పిపోయాడు. ఆ ఇద్దరూ కలిసి పంక్తిలో కూర్చుంటే, మా ఇంటి పేరు సంఘంలో ఉండదు.

ఆ పంక్తిలోనే నా పెళ్ళి భోజనం. మా అత్తగారి సమాధి కూడికకి ఆ పంక్తిలోనే అందరూ నా పక్కన కూర్చున్నారు. అది పోతే నేనెక్కడ తింటాను? పిల్ల పోతే ఎలా తింటాను?

ఇదంతా బైబిలమ్మగారు విన్నది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ముందు బియ్యం పొయ్యండి," అంది.

మాకొక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుడి గుప్పెడు. బుధవారం తెచ్చి అందరం ఒకే గంగాళంలో పోస్తాం. పోస్తూ, ఆ ఇంట్లో గుప్పెడు తీసిన వాళ్ళ పేర్లు చెప్పాలి. ఆ పేర్ల మీద బైబిలమ్మగారు ప్రార్థన చేస్తుంది. ఆ బియ్యమే పండుగ విందుకి వండుతాం.

నా వంతు వచ్చింది. సంచి వంచాను. "సువార్త," అన్నాను. అది నా పేరు. "హెప్సిబా." ఆ పిల్ల ఒంగోలు వెళ్ళినా గుప్పెడు తీయడం మానలేదు. నెలకోసారి ఎవరో ఒకరి చేత బస్సులో పంపుతుంది. నేను అక్కడితో ఆగవలసింది. కానీ వాళ్ళిద్దరూ ఒక రోజు ఒకరు, ఒక రోజు ఒకరు వండుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఎలా దాచను?

"తులసి," అన్నాను.

చూరు నీళ్ళ చప్పుడు వినపడింది.

"ఏందీ?" అంది రాహేలమ్మ.

ఆమె సంఘ పెద్ద భార్య. చెడ్డ మనిషి కాదు. హెప్సి పుట్టిననాడు కరెంటు పోతే తెల్లవార్లూ నా మంచం పక్కన దీపం పట్టుకుని నిలబడింది ఆమే.

"ఆ పిల్ల తీసిన గుప్పెడు తెచ్చి ప్రభువు విందులో కలుపుతావా? అమ్మగారూ, మీరే చెప్పండి. వాక్యంలో ఏముంది?"

"వాక్యం నాకూ వచ్చు రాహేలూ," అంది బైబిలమ్మగారు. "ఇప్పుడేం చేద్దామంటావు?"

"తీసెయ్యాలి."

"సరే. తీసేద్దాం. చాప తెండి."

గంగాళం ఎత్తి బియ్యమంతా చాప మీద పోయించింది. అరిచేత్తో తనే పలచగా పరిచింది. "ఆ పిల్ల తీసినయ్యి ఏరి సువార్త సంచిలో వెయ్యండి. ఒక్క గింజ కూడా ఇందులో మిగలగూడదు. ఇంకొకరి గింజ ఒక్కటి కూడా అందులోకి పోగూడదు."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎట్టా తెలుస్తయ్ అమ్మగారూ?" అంది చిట్టెమ్మ. మా పక్కింటామె. నోరు ఊరుకోదు.

"ఎందుకు తెలవదే," అంది రాహేలమ్మ. "టౌనోళ్ళు తినేది సన్నబియ్యం. మనయ్యి కోటా బియ్యం, లావు. ఇట్టే తెలిసిపోద్ది." అని చేట ముందుకు లాక్కుని, బాసింపట్టు వేసి కూర్చుంది. ఆమె కూర్చున్నాక మిగతావాళ్ళూ వంగక తప్పలేదు.

నేను మాత్రం ఏరలేదు. మాట్లాడనూ లేదు. గోడకి ఆనుకుని చూస్తూ ఉన్నాను.

పావుగంట గడిచింది. ముసురుకి వసారాలో వెలుతురు చాలడం లేదు. "ముక్కుపురుగులైతే నాలుగు దొరికినయ్," అంది చిట్టెమ్మ. "అయ్యి ఏ సంఘానియో మరి. పెద్దాయన్ని అడగాలి." ఎవరో నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకున్నారు. రాహేలమ్మ తలెత్తలేదు. గింజని కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, చేటలో వేస్తోంది.

"కనపడి చావట్లా," అంది చివరికి.

బైబిలమ్మగారు తన కళ్ళద్దాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇయ్యి పెట్టుకో. బాగా కనపడతయ్. హెప్సి కొలత చూసి చేయించింది."

రాహేలమ్మ వాటిని పెట్టుకోలేదు. కింద పెట్టనూ లేదు. ఎడమ చేత్తో పట్టుకునే, కుడి చేత్తో ఏరింది.

చేటలో సన్న గింజలు దోసెడు పోగయ్యాయి. చిట్టెమ్మ వాటిని వేళ్ళతో కెలికి చూసింది. రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికింది.

"అక్కా, ఇయ్యి మీయ్యే."

"ఏందే నువ్వనేది?"

"సన్నబియ్యం వండేది మనూళ్ళో మీ ఇంట్లోనేగా. మా అందరిదీ కోటా బియ్యమేనాయె."

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. అప్పుడు నేను నోరు విప్పాను.

"మా పిల్ల తినేదీ కోటా బియ్యమే అక్కా. మా కార్డు మీద వచ్చినయ్యి నేనే పంపుతున్నా, ఈ ఎనిమిది నెలలూ."

మా ఆయనకి తెలియకుండా అని చెప్పబోయి మానుకున్నాను. మూట బరువైన నెలల్లో ఆయనే సైకిలు మీద పెట్టుకుని బస్సు దాకా తెచ్చేవాడు. ఎవరికి అని ఏనాడూ అడగలేదు. ఆ సంగతి నాకు ఆ గోడ దగ్గర నిలబడ్డప్పుడే తట్టింది.

రాహేలమ్మ చేట వంక చూస్తూ ఉండిపోయింది. పొద్దున్నే లేచి పొయ్యి ముందు నిలబడి తన చేత్తో తీసిన గుప్పెళ్ళు అవి. తన చేత్తోనే ఏరి బయటపెట్టింది.

బైబిలమ్మగారు కాస్త ముందుకు వంగింది. గొంతులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది.

"ఏరినయ్యి ఏం చేద్దాం రాహేలూ? పారబోద్దామా?"

రాహేలమ్మ చేట వంచింది. దోసెడు గింజలూ చాప మీద బియ్యంలో కలిసిపోయాయి. "ఎసట్లో పడ్డాక ఎవరివైతే ఏంది," అంది, ఎవరినీ చూడకుండా. కళ్ళద్దాలు కొంగుతో తుడిచి బైబిలమ్మగారికి ఇచ్చేసింది.

బియ్యం మళ్ళీ గంగాళంలోకి ఎత్తాం. ప్రార్థనలో బైబిలమ్మగారు అందరి పేర్లూ వరసగా చెప్పింది. తులసి పేరు దగ్గర ఆగలేదు, గొంతు పెంచలేదు. చివర రాహేలమ్మ ఆమేన్ అందో లేదో నాకు వినపడలేదు. బయట వాన కొంచెం పెరిగింది.

"పెద్దాయన మళ్ళీ నీ గుమ్మంలోకి వస్తే నా దగ్గరికి పంపు," అంది బైబిలమ్మగారు నాతో. "ఆయనకీ ఒక పని ఉంది."

నా ప్రశ్నకి అంతకు మించి జవాబు చెప్పలేదు. మెట్లు దిగుతుంటే రాహేలమ్మ నా పక్కకి వచ్చింది. గొడుగు సగం నా మీదకి వంచింది.

"శనివారం ఏ బస్సుకి?"

"మధ్యాహ్నం బస్సుకి అక్కా. పొద్దున షాపు ఉండిద్దంట."

"వాగొచ్చేట్టుంది. జాగర్తగా రమ్మను," అంది. అంతే. తన దారిన వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి ఫోను చేశాను. "రండి," అన్నాను. "ఇద్దరమా?" అంది హెప్సి. "ఇద్దరూ." అవతల ఏడుపు వినపడింది. ఎవరిదో తెలియలేదు. ఆ పొద్దు అన్నం పెడుతూ మా ఆయనకి చెప్పాను, శనివారం పిల్లలొస్తన్నారని. ఆయన తల వంచుకుని తింటూ, మజ్జిగ పొయ్యమన్నాడు.

శనివారం నాలుగింటికి వాన బలంగా పట్టుకుంది. టీ తాగుతానంటూ బైబిలమ్మగారు గొడుగేసుకుని మా ఇంటికి వచ్చి కూర్చుంది. నేను టీ పొయ్యి మీద పెడుతుండగా చిట్టెమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. వాగు మీది చప్టా పైనుంచి నీళ్ళు పారుతున్నాయి. బస్సు వాగు అవతలే ఆగిపోయింది. జనం దిగి నడిచి దాటుతున్నారు.

మా ఆయన కోసం చూశాను. ఇంట్లో లేడు. కొట్టంలో గేదె ఉంది. గడ్డిమోపులు కట్టే మోకు లేదు.

"అన్నయ్యా?" అంది చిట్టెమ్మ. "మూడింటికాడి నుంచే వాగు ఒడ్డున కూచోనుండాడు వదినా. నువ్వే పంపావనుకున్నా."

నేను పంపలేదు. చెంగు బిగించి బయల్దేరబోయాను. బైబిలమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వెళ్ళి ఏం చేస్తావు? తడిసొస్తారు. నీళ్ళు కాగబెట్టు."

కాగబెట్టాను. కాగిన నీళ్ళు చల్లారితే మళ్ళీ కాగబెట్టాను. గంట గడిచింది. ప్రార్థన చేద్దామంటే ఒక్క వచనం గుర్తు రాలేదు.

ముందు హెప్సి వచ్చింది, నడుము దాకా తడిసి. దాని వెనక తులసి. చెప్పులు చేత్తో పట్టుకుని గడప ముందు ఆగిపోయింది. ఆ పిల్లని చూడటం నాకదే మొదలు. పొట్టిగా ఉంది. చలికి వణుకుతోంది.

"లోపలికి రామ్మా," అన్నాను. తువ్వాలు తీసి ఆ పిల్ల తల మీద వేశాను.

"నాన్న ఏం మాట్లాడలేదమ్మా," అంది హెప్సి. "మోకు ఇటు చెట్టుకీ, అటు రాతి స్తంభానికీ కట్టాడు. అందరినీ దాటించాక, ఇది పట్టుకోండి అన్నాడు మాతో. అంతే."

"నన్ను మధ్యలో నడవమన్నారు," అంది తులసి, తువ్వాలు లోంచి.

"ఈత రాదని ఆయనకి చెప్పావా?" అన్నాను.

"చెప్పలేదండీ. ఆయనంతట ఆయనే అన్నారు."

మా ఆయన పెరట్లో తొట్టి దగ్గర నిలబడి, చెంబుతో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఒక కాలు కడిగాడు. రెండోది కడిగాడు. మళ్ళీ మొదటిది కడిగాడు. జల్లు ఇంట్లోకి కొడుతోంది. పిల్లలు చలికి ముడుచుకుపోయారు. నేను తలుపు వెయ్యడానికి లేచాను.

"వెయ్యకు సువార్తా," అంది బైబిలమ్మగారు, టీ గ్లాసు చేతిలోంచి దించకుండానే. "కొందరి కాళ్ళకి బురద ఎక్కువ. కడుక్కోనీ."

తలుపు పట్టుకుని అలాగే నిలబడి, ఇంటికి చేరినవాళ్ళని లెక్కపెట్టుకున్నాను. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ తులసి, ఒకటి. దాని భుజం మీద తడిజుట్టు విదిలిస్తూ హెప్సి, రెండు. పెరట్లో చెంబు కింద పెట్టిన చప్పుడైంది. తడికాలు గడప దాటింది.

మూడు.