అనుమానించి మొక్కే వెలుతురమ్మ

తెల్లగుట్ట మీది వెలుతురమ్మ గుడికి మొదటిసారి వచ్చిన భక్తులు గర్భగుడి ముందు నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. లోపల విగ్రహం లేదు. వేపచెక్క చట్రంలో బిగించిన మందపాటి తెల్ల కాగితం ఒక్కటే ఉంది. దాని మీద గీత లేదు, అక్షరం లేదు, పసుపు బొట్టయినా లేదు. "ఇంత ఎండలో ఎక్కి వచ్చింది ఉత్త కాగితానికా?" అని ఎవరో ఒకరు గొణుగుతారు. పూజారి కోప్పడడు. ఈ క్షేత్రంలో మొదటి పూజ ఆ అనుమానమే. దాని వెనుక ఉన్న కథ ఇది.

పూర్వం ఇక్కడ అమ్మవారికి చెక్క విగ్రహం ఉండేది. పూజారి పేరు సుంకన్న. భక్తి గలవాడే గానీ, అబ్బో, ఆయన అనుమానం అంతా ఇంతా కాదు! భక్తులు తెచ్చిన టెంకాయను చెవి దగ్గర ఊపి చూసేవాడు. దీపం నూనెను వాసన చూసేవాడు. గుడి తలుపుకు గడియ పెట్టి నాలుగడుగులు వేశాక మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. కన్నతల్లి వడ్డించినా ముద్ద విప్పి చూసి తినే రకమని ఊళ్ళో నవ్వుకునేవారు.

నవ్వేవారికి అసలు సంగతి తెలియదు. అమ్మవారి ఎడమ చెంప మీద నుంచి గడ్డం దాకా చెక్క పగిలింది. భిన్నమైన విగ్రహానికి పూజ కూడదు. అది బయటపడితే తాతల నాటి పూజారితనం చెయ్యి జారిపోతుంది. అందుకని సుంకన్న తలుపు మూసి అభిషేకం చేసి, పగులు నిండా పసుపు మెత్తేవాడు. ఎవరు అమ్మవారి వైపు తేరిపార చూసినా అడ్డంగా వచ్చి హారతి పట్టేవాడు.

గుట్ట కింద పారే వంక ఒడ్డున దస్తగిరమ్మ అనే ఆమె కాగితం చేసి బతికేది. పాత గుడ్డలు నానబెట్టి, దంచి, ఆ గుజ్జును తొట్టి నీళ్ళలో కలిపి, గడ్డిపుల్లల తెరతో పైకి ఎత్తేది. నీళ్ళు కారిపోగా తెర మీద మిగిలిన పొర ఆరి కాగితమయ్యేది. అమ్మవారికి కట్టిన చీరలు చివికిపోయాక సుంకన్న వంకలో వదిలేవాడు. అవి ఆమె తొట్టి దగ్గరి రాళ్ళకు చిక్కుకునేవి. ఆమె వాటిని కళ్ళకద్దుకుని విడిగా దాచేది.

జాతర ముందర ఒక ఉదయం ఆమె తెల్ల కాగితాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని గుట్టెక్కింది. "సామీ, అమ్మ కల్లోకి వచ్చినాది. నా చీరలు నీళ్ళపాలు కానీకు, వాటితోనే నన్ను ఎత్తు అనింది. ఎత్తుకొచ్చినా" అంది.

సుంకన్నకు ఒళ్ళు మండింది. "అమ్మ చీరలు కాజేసి, పైగా నాకే కలలు చెబుతావా?" అని ఊరిని పిలిచాడు. ఊరిపెద్ద నాగిరెడ్డి వచ్చాడు. మోసమని తేలితే ఆమె తొట్టి పగలగొట్టి ఊరు దాటించాలని నిర్ణయమైంది. ఆ తొట్టి తప్ప దస్తగిరమ్మకు వేరే బతుకు లేదు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది కానీ మాట మార్చలేదు. "ఎండకు ఎత్తి చూడు సామీ" అని మాత్రం అంది.

ఎత్తి చూశాడు. కాగితం లోపల చంకన బిందె పెట్టుకుని అమ్మవారు నిలబడి ఉంది! జనమంతా చేతులు జోడించారు. సుంకన్న జోడించలేదు. గోటితో గీకాడు, వాసన చూశాడు, మూల తడిపి నలిపాడు. అప్పటికీ మనసొప్పక కాగితం పట్టుకుని, జనం వెంట రాగా గబగబా వంక ఒడ్డుకు దిగి ఆమె తెరను లాక్కుని చూశాడు. తెర మీద దారంతో కుట్టిన బొమ్మ ఉంది. దారం ఉన్నచోట గుజ్జు పలచగా నిలుస్తుంది, అక్కడ వెలుగు దూరుతుంది.

"దొరికినావు!" అని కేక పెట్టాడు.

"దాచింటే కదా సామీ దొరికేది? నేనే కుట్టినా. అమ్మ ఎట్లుంటాదో నాకేం తెలుసు, గుడి లోపలికి ఎప్పుడన్నా వచ్చినానా? పొద్దున్నే నీళ్ళకొచ్చే ఆడోళ్ళు ఎట్ల నిలబడతారో అట్లే కుట్టినా" అంది దస్తగిరమ్మ.

ఎవరో గడ్డపార తెచ్చారు. సుంకన్న తన మాట నెగ్గించుకోవడానికి కాగితాన్ని ఎండకు పెట్టి, గీత గీతకూ దారం సరిచూశాడు. బిందెకు దారం ఉంది. కొంగుకు ఉంది. కళ్ళకు ఉంది. కాగితంలో ఇంకో గీత కూడా ఉంది, ఎడమ చెంప మీదుగా గడ్డం దాకా. తెర మీద అక్కడ దారం లేదు. వేలితో తడిమాడు. సూది గుచ్చిన జాడ కూడా లేదు.

అచ్చం విగ్రహం మీది పగులే. ఆ గీత సంగతి తనకూ అమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. నోరు మెదపకుంటే పూజారితనం నిలుస్తుంది, తొట్టి పగులుతుంది. "ఏం సుంకన్నా, మోసమేనా?" అని నాగిరెడ్డి అడిగాడు. సుంకన్న అందరినీ గుడికి తీసుకెళ్ళి, తలుపులు బార్లా తీసి, అమ్మవారి చెంప మీది పసుపును తన పైగుడ్డ తడిపి తుడిచేశాడు. ఆ పగులూ, కాగితంలో దారం లేని గీతా ఒక్కటేనని అందరికీ చూపాడు.

"మోసమే రెడ్డీ. నాది" అన్నాడు.

పగిలిన విగ్రహాన్ని వంకలో కలిపి, కాగితాన్ని పీఠం మీద నిలిపారు. సుంకన్న గుడి తాళంచెవి నేల మీద పెట్టి వెళ్ళబోతుంటే దస్తగిరమ్మే అడ్డం పడింది. "ఆయప్పను పంపితే ఎట్ల రెడ్డీ? అంత అనుమానం పడి వెతికినందుకే కదా నేను బతికింది! ఉండనీండి" అంది.

నేటికీ ప్రతి జాతరకూ అమ్మవారి పాత చీరలతో దస్తగిరమ్మ వంశస్థులే కొత్త కాగితం ఎత్తి, తెరతో సహా తెస్తారు. సుంకన్న వంశపు పూజారి గుమ్మంలోనే ఆపి, "ఏదీ, చూడనీ!" అని కసురుతాడు. గీకి, వాసన చూసి, తెరను తడిమి, దారం లేని చోట ఆ గీత కనబడ్డాకే లోపలికి రానిస్తాడు. భక్తులు కూడా తూర్పు కిటికీ దగ్గర కాగితాన్ని వెలుగులో చూసుకున్నాకే మొక్కాలి. చెయ్యని తప్పుకు నింద మోస్తున్నవారు ఇక్కడ మొక్కుకుంటే ఆ నింద తొలగుతుందని నమ్మకం.

నింద వేసినవారూ వస్తారు. వారు టెంకాయ తేరు, తడిగుడ్డ తెస్తారు. గడపకు రాసిన పసుపును కాస్త తుడిచి, దండం పెట్టి దిగిపోతారు. ఎందుకని వారిని పూజారి అడగడు.