ప్రార్థన పాట పాడిన గువ్వ

వాగుమల్లె అడవిలో దుప్పులు, కోతులు, ఏనుగులు, బోలెడన్ని పిట్టలు ఉండేవి. అక్కడొక ముసలి మద్దిచెట్టు తొర్రలో ఉడుతవ్వ సత్రం నడిపేది. పాటగాళ్ళకూ వాయిద్యగాళ్ళకూ అదే ఇల్లు. అందరూ కచేరీలు దొరకనివాళ్ళే. అయినా ఉడుతవ్వ ఎవరినీ పస్తు పడుకోనిచ్చేది కాదు.

ఒక వేసవిలో ఏనుగుల పెద్దమ్మ వచ్చింది. తాము వాగుకు వెళ్ళే దారికి ఈ చెట్టు అడ్డంగా ఉందని, త్వరలోనే పడగొడతామని చెప్పింది. ఉడుతవ్వకు గుండెల్లో రాయి పడింది. ఈ వయసులో ఇంతమందిని వెంటేసుకుని ఎక్కడికి పోతుంది పాపం!

డోలు వాయించే వడ్రంగిపిట్ట ఒక ఉపాయం చెప్పింది. పెద్దమ్మను కచేరీకి పిలుద్దామంది. ఈ నీడలో కూర్చుని హాయిగా పాట విన్నాక చెట్టును కూల్చడానికి మనసొప్పదంది. అందరికీ నచ్చింది. పెద్దమ్మ కూడా సరేనంది. కానీ పొద్దు వాలితే మందను నీళ్ళకు తీసుకెళ్ళాలి కాబట్టి అంతవరకే ఉంటానంది.

పేచీ అంతా ప్రార్థన పాట దగ్గర వచ్చింది. కచేరీ అన్నాక ముందు ప్రార్థన ఉండాలి కదా! కానీ దాన్ని వినేదెవరు? అప్పుడు వచ్చినవాళ్ళందరూ చోటు కోసం తోసుకుంటూ ఉంటారు. సత్రంలోనే ఉండే కోయిలను ప్రార్థన పాడమని ఉడుతవ్వ బతిమాలింది. కోయిల మెడ తిప్పుకుంది.

"నాది చివరి పాట. నా పాట వినకుండా పెద్దమ్మ లేస్తుందా? ఆ ప్రార్థనేదో ఊరూపేరూ లేనివాళ్ళ చేత పాడించుకో" అంది.

మూలన కూర్చున్న గువ్వ మెల్లగా, "నేను పాడతానవ్వా. ఎవరూ వినకపోయినా ఫరవాలేదు, మన చెట్టు నిలబడితే చాలు" అంది. దానికి వచ్చిందల్లా ఆ ఒక్క పాటే.

కచేరీ రోజున పెద్దమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఎండలకు నిద్రపట్టక ఆ గున్న ఒకటే ఏడుపు. కోతులేమో చోటు కోసం కొట్టుకుంటున్నాయి. ఆ గోలలోనే గువ్వ గూ... గూ... అని మొదలుపెట్టింది. ఎవరూ వినలేదు, గున్న తప్ప. గున్న ఏడుపు ఆపింది. ఆవలించింది. చెట్టు మొదలుకు ఆనుకుని నిద్రపోయింది.

వడ్రంగిపిట్ట డోలు వాయించడానికి ముక్కు ఎత్తబోతే పెద్దమ్మ తొండం అడ్డం పెట్టింది. కోయిల గొంతు సవరించుకుని ముందుకొచ్చింది.

"నీ గొంతు గొప్పదే తల్లీ. కానీ వీడికి ఇన్నాళ్ళకు నిద్రపట్టింది, లేపకు. గువ్వా, నువ్వు ఆపకమ్మా" అంది పెద్దమ్మ.

పొద్దు వాలింది. పెద్దమ్మ చెట్టును తొండంతో నిమిరింది. "మా దారే కాస్త చుట్టు తిప్పుకుంటాంలే. రోజూ వీణ్ణి ఇక్కడే పడుకోబెడతాను" అంది. ఉడుతవ్వ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

కోయిల మాత్రం అలిగి ఎగిరిపోయింది. ఉడుతవ్వ ఎంత పిలిచినా వెనక్కి రాలేదు. అందుకే ఈనాటికీ దానికి సొంత గూడు లేదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. వేసవి వచ్చిందంటే కొమ్మల చాటున కూర్చుని, ఆ రోజు పాడకుండా మిగిలిపోయిన పాటే పాడుకుంటుంది.

నీతి: పేరు కోసం చివరిదాకా కాచుకున్నవాడికి వంతే రాకపోవచ్చు, తనవాళ్ళ కోసం ముందుగా గొంతు విప్పినవాడే ఇల్లు నిలబెడతాడు.