తల్లి ఉడుత మూడుసార్లు అడిగింది

అనగనగా, అడవికీ ఊరికీ నడుమ ఇంకా కంచెలు పుట్టని రోజుల్లో, నల్లకొండ కింద మద్దివాడ అనే ఊరొకటి ఉండేది. ఆ కాలంలో జంతువుల మాట మనుషులకు అర్థమయ్యేది. అర్థమైనా చెవిన పెట్టేవాళ్ళు మాత్రం అప్పుడూ తక్కువే.

ఆ ఊళ్ళో మారిశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. కొండ తేనె, కరక్కాయలు, కుంకుళ్ళు కొని పట్నాలకు పంపేవాడు. పెద్ద బొజ్జ, మెత్తని మాట, మంచి మనసు. తూకంలో మోసం ఎరగడు. వాకిట్లోకి వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపడు. అయితే భార్య పోయిన దగ్గర్నుంచి అతని ఇల్లు మూగబోయింది. మొగుడు పోయిన అక్క మాచమ్మ వచ్చి ఇంత వండి పెట్టేది. తినేవాడు, కొట్లో కూర్చునేవాడు, పడుకునేవాడు. నవ్వడం మాత్రం మరిచిపోయాడు.

ఒక వైశాఖంలో పెద్ద గాలివాన కొట్టింది. తెల్లవారి చూస్తే పెరటి అవతలి నల్లమద్ది కొమ్మ విరిగి పడి ఉంది. దాంతోపాటే ఒక ఉడుత గూడు. ఆ కొండమీద ఉండేవి మన ఇళ్ళ చుట్టూ తిరిగే చారల ఉడుతలు కావు. పిల్లి కూనంత ఒళ్ళు, బూడిద రంగు బొచ్చు, ఒంటికన్నా పొడుగు తోక. చెట్ల మీదే పుట్టి, చెట్ల మీదే పెరిగి, గింజ దాచుకోవడానికి ఎప్పుడో గాని నేలమీదకు దిగని జాతి.

చెదిరిన గూటి ఆకుల మధ్య పిల్ల ఒకటి కదులుతోంది. ఇంకా కళ్ళు తెరవలేదు. ఒళ్ళంతా బురద, బురద మీద చీమలు.

మారిశెట్టి గొంతుక్కూర్చుని చీమలను ఒక్కొక్కటే ఏరేశాడు. పిల్లను ఉత్తరీయంలో చుట్టి ఇంట్లోకి తెచ్చాడు. మాచమ్మ మేకపాలు గోరువెచ్చగా కాచింది. దూది వత్తి పాలలో ముంచి నోటి దగ్గర పెడితే పిల్ల చప్పరించింది.

"బతుకుతుందంటావా అక్కా?"

"తాగుతోందిగా. తాగేది బతుకుతుందిరా."

బతికింది. కళ్ళు తెరిచింది. ఒంటిమీద బొచ్చు మొలిచింది. ఎండలో ఆ బొచ్చు మెరుస్తుంటే చూసి మారిశెట్టి దానికి వెండి అని పేరు పెట్టాడు.

ఒకనాటి పొద్దున వంటింటి కిటికీలో పెద్ద ఉడుత ఒకటి వచ్చి కూర్చుంది. పొట్టకింద పాలతో బరువుగా ఉంది.

"సెట్టిగారూ," అంది, "నా బిడ్డను బతికించారు. మీ మేలు మరవను. గాలివానలో నేనూ కొట్టుకుపోయాను. కాలికి దెబ్బ తగిలింది. అది మానాక ఇప్పటికి రాగలిగాను. నా బిడ్డను నాకిప్పించండి."

మారిశెట్టి తన ఒళ్ళో పడుకున్న పిల్ల వంక చూశాడు. "నీ గూడు పడిపోయిందిగా. ఎక్కడ పెడతావు?"

"పక్క చెట్టు మీద కొత్తది కట్టాను. ఈసారి పంగలో కట్టాను. ఎంత గాలికీ పడదు."

"మొన్ననే కళ్ళు తెరిచిందమ్మా. ఇంకా పసిది. కాస్త బలపడనీ, నేనే తెచ్చి ఇస్తాను."

అతని మాట మీద నమ్మకంతో తల్లి ఉడుత వెళ్ళిపోయింది. మాచమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తి, "పాలున్న తల్లి వచ్చి అడిగితే ఇంకా బలమెందుకురా? ఇచ్చెయ్యకపోయావా?" అంది.

"ఇస్తానక్కా. ఇవ్వనన్నానా?"

అబద్ధం చెప్పాలని అతను అనుకోలేదు. ఇస్తాననే అనుకున్నాడు. కాని వెండి రోజురోజుకూ అతనికి మాలిమి అయిపోయింది. నెయ్యి కలిపిన మెత్తన్నం తినేది. నానబెట్టిన శనగలు తినేది. బెల్లం ముక్క కోసం అతని వేళ్ళు వెతికేది. మాట నేర్పే తల్లి దగ్గర లేక దానికి మాటలు మాత్రం రాలేదు. సాయంత్రం అరుగుమీద కూర్చుంటే భుజమెక్కి, తలపాగాలో దూరి, తోక ఒక్కటే బయటకు వేలాడదీసేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మారిశెట్టి నవ్వేవాడు. ఆ ఇంట్లో నవ్వు విని చాలాకాలమైంది గనక మాచమ్మ కూడా మరేమీ అనలేకపోయింది.

కార్తీకం వచ్చింది. అడవిలో గింజలు రాలసాగాయి. తల్లి ఉడుత మళ్ళీ కిటికీలోకి వచ్చింది.

"సెట్టిగారూ, బిడ్డ బలపడింది. నేను చెట్టుమీద నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. ఇక పంపండి. ఏ గింజ తినాలో, ఏది చేదో, ఏది దాచుకోవాలో నేర్పవలసిన కాలమిది. ఈ కాలం దాటితే ఆ చదువు అబ్బదు."

మారిశెట్టి నవ్వి, "నా కొట్టు నిండా గింజలున్నాయమ్మా. దీనికి దాచుకోవలసిన అవసరమేముంది? నా ఇంట్లో ఉండగా దీనికి ఆకలి తెలియదు," అన్నాడు.

"ఆకలి తెలియనిది అడవిలో ఎలా బతుకుతుందయ్యా? మీరు పెట్టింది తింటుంది. మీరు పెట్టనినాడు?"

మారిశెట్టి చలిగాలి వస్తోందంటూ లేచి కిటికీ మూసేశాడు. చలిగాలి నిజంగానే వస్తోంది. అందుకే మూశానని తనకు తాను చెప్పుకున్నాడు.

ఫాల్గుణంలో తల్లి ఉడుత మూడోసారి వచ్చింది. చిక్కిపోయింది. ఒక చెవి చీరుకుపోయి ఉంది.

"కొండమీదకు డేగ వచ్చింది," అంది. "డేగను చూసి మేమొక కేక వేస్తాం. ఆ కేక విన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ మానుకు అతుక్కుపోవాలి. నా బిడ్డకు ఆ కేక తెలియదు. నేను ముసలిదాన్నవుతున్నాను సెట్టిగారూ. నేనుండగానే నేర్పనివ్వండి. ఇంకోసారి వస్తానో రానో."

మారిశెట్టి దగ్గర కాదనడానికి కారణాలన్నీ అయిపోయాయి. చివరకు, "నేను పట్టుకుని ఉంచానా? తలుపులు తెరిచే ఉన్నాయి. దాన్నే అడుగు. వస్తానంటే తీసుకుపో," అన్నాడు.

తల్లి తన భాషలో పిలిచింది. నాలుక అంగిలికి కొట్టుకున్నట్టు టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. గూట్లో పిల్లలను పాలకు పిలిచే పిలుపు అది.

వెండి మారిశెట్టి భుజం మీద ఉంది. ఆ చప్పుడు విని ఉలిక్కిపడింది. కిటికీలో ఉన్న ఆ చిరిగిన చెవినీ, బక్కచిక్కిన ఒంటినీ చూసింది. చూసి, భయపడి, మారిశెట్టి చెవి వెనక్కి వెళ్ళి దాక్కుంది.

తల్లి ఉడుత మరోసారి పిలవలేదు. కొమ్మ మీదకు గెంతి వెళ్ళిపోయింది.

"చూశావా అక్కా, అదే రానంది," అన్నాడు మారిశెట్టి.

మాచమ్మ లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. అతనికి గెలిచినట్టే ఉంది. కాని ఆ పూట అన్నం సహించలేదు.

ఎండలు ముదిరేసరికి వెండి మారిపోయింది. మెత్తని తిండికి పళ్ళు అరగక పొడుగ్గా పెరిగాయి. నోరు నొప్పి పుట్టి గుమ్మాలు కొరికింది, దుప్పట్లు చింపింది. బుజ్జగించబోతే మారిశెట్టి వేలిని ఎముక తగిలేలా కరిచింది. వీధిలో పిల్లులు తిరుగుతున్నాయని, గుమ్మాలు పాడవుతున్నాయని, అతనొక ఇత్తడి పంజరం చేయించాడు. మంచి పంజరమే. లోపల ఊయల కూడా ఉంది. వెండి ఆ ఊయల వంకైనా చూడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పంజరం గోడ వెంట గుండ్రంగా తిరిగేది. ఒకవైపు ఎక్కి, ఇంకోవైపు దిగి, మళ్ళీ అదే దారి. బెల్లం పెట్టినా ఆగేది కాదు.

మారిశెట్టి కొట్టు మానేసి దాని ఎదుట కూర్చునేవాడు. వేలికి కట్టుతో, కళ్ళప్పగించి చూస్తూ ఉండేవాడు.

"నా మీద కోపమొచ్చినట్టుంది దానికి," అన్నాడొకనాడు.

మాచమ్మ బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టింది. "కోపం కాదురా. అది పుట్టిన జాతి చెట్టు నుంచి చెట్టుకు దూకేది. దూకడానికి చోటులేక తిరుగుతోంది." మళ్ళీ చాట అందుకుంటూ అంది, "మీ ఆవిడ పోయాక నీ ఇల్లు మూగబోయింది. నిజమే. నేనూ చూశాను. దానికోసమని ఆ తల్లి గోడు వినకుండా కిటికీ మూసేశావు మారయ్యా. నేనూ నోరు మూసుకుని ఊరుకున్నాను. నా తప్పూ ఉంది."

అతను లేచాడు. పంజరం తెరిచాడు. వెండిని ఉత్తరీయంలో చుట్టుకుని కొండదారి పట్టాడు.

అడవిలోకి వెళ్ళి, పెద్ద మద్దిచెట్టు కింద దాన్ని వదిలాడు. వెండి అతని కాలు వదల్లేదు. మానుకు ఆనిస్తే నాలుగడుగులు ఎక్కి, జారి, మళ్ళీ అతని భుజం మీదకే వచ్చింది. రాలిన గింజ చేతికిస్తే పొడుగు పళ్ళతో కొరకలేక పారేసింది. మారిశెట్టి తన బొజ్జతో నేలమీద బోర్లపడి, వేళ్ళతో మట్టి తవ్వి, గింజ పెట్టి కప్పి చూపించాడు. వెండి ఆ మట్టి చేతులను వాసన చూసి, బెల్లం కోసం వెతికింది.

పైన కొమ్మ మీద ముసలి ఉడుత ఒకటి ఇదంతా చూస్తోంది.

"అయ్యా," అని చేతులు జోడించాడు మారిశెట్టి, "చిరిగిన చెవి ఉన్న తల్లి ఒకటుండాలి. దాని బిడ్డను తెచ్చానని చెప్పు. అడిగినప్పుడు ఇవ్వలేదు, ఇప్పుడు తెచ్చానని చెప్పు."

"ఎవరికి చెప్పను?" అంది ముసలి ఉడుత. "మీ పెరటివైపు వంగిన కొమ్మ మీదే ఉండేది అది. మేతకు రమ్మంటే వచ్చేది కాదు. కిటికీ తెరుస్తారేమో, బిడ్డ కనిపిస్తుందేమో అనేది. చెట్లు చిగురించే కాలం దాకా ఉంది. ఆ తర్వాత లేదు."

మారిశెట్టి చెట్టుకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

అంతలో అడవంతా ఒక కేక పాకింది. గరగరమని, గొంతు చించుకున్నట్టు. ఆ కేకకు కొమ్మల మీద ఉడుతలన్నీ మానుకు అతుక్కుపోయాయి. ముసలి ఉడుత ఎక్కడుందో కూడా కనిపించలేదు. వెండి ఒక్కటే, ఎండ పడుతున్న బండ మీద కూర్చుని, ఆ కేక ఏమిటా అని తల ఎత్తి చూస్తోంది.

డేగ నీడ బండ మీద పడింది. మారిశెట్టి అంత ఒళ్ళు వేసుకుని ఎలా లేచాడో, ఎలా దూకాడో అతనికే తెలియదు. ఉత్తరీయం విసిరి వెండి మీద పడ్డాడు. డేగ గోళ్ళు అతని వీపు చీరుకుంటూ పోయాయి. వెండి అతని గుండెల కింద వణుకుతోంది.

అలజడి సద్దుమణిగాక ముసలి ఉడుత కిందికి దిగి వచ్చింది.

"దీన్ని తీసుకుపొండి," అంది. "ఇక్కడ వదిలితే రేపటికి ఉండదు. మా కేక దానికి కేక కాదు. మా గింజ దానికి తిండి కాదు."

"నేర్పండయ్యా. మీలోదే కదా."

"నేర్పేవాళ్ళు ఉన్నప్పుడు మీరు పంపలేదు. నేర్చుకునే వయసు దానికిప్పుడు లేదు. పెంచినవారు మీరే. చివరిదాకా మీరే చూసుకోవాలి."

మారిశెట్టి వెండిని గుండెకు పొదువుకుని కొండ దిగాడు. ఒకప్పుడు అతను కోరుకున్నది ఇదే. వెండి ఎప్పటికీ తనదే కావాలని. ఇప్పుడు అయింది. ఇమ్మని అడగడానికి ఇక ఎవరూ రారు.

ఇంటికి వచ్చి ఇత్తడి పంజరం కంచరివాడికి ఇచ్చి కరిగించమన్నాడు. గట్టి పెంకుల గింజలు తెచ్చి, కాస్త పగలగొట్టి, మిగతాది దాన్నే కొరుక్కోనిచ్చాడు. నెమ్మదిగా దాని పళ్ళు అరిగాయి. కరవడం మానింది. తలపాగాలో దూరడం కూడా మానింది. ప్రతి సాయంత్రం అతను దాన్ని పెరటి అవతలి మద్దిచెట్టు దగ్గరకు తీసుకుపోయేవాడు. వెండి మాను మీద అతని చెయ్యి అందినంత ఎత్తుకే ఎక్కేది. అక్కడ ఆగి పైకి చూసేది. ఆ పై కొమ్మల్లో వేరే ఉడుతలు పిలుచుకునేవి. వెండి చెవులు రిక్కించి వినేది. ఏమీ అర్థం కాక, దిగి వచ్చేది.

ఒకసారి సాలెవారి కోడలు నీలమ్మ ఒళ్ళో ఉడుత పిల్లను పెట్టుకుని వచ్చింది. కాలువ గట్టున దొరికిందట.

"మీరు పెంచారు కదా మావయ్యా," అంది. "పాలు ఎలా పట్టాలో చెప్పండి."

మారిశెట్టి పిల్లను చూశాడు. కళ్ళు తెరవనిది. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. "పాలు పట్టొద్దమ్మా. దొరికిన చోటే ఒక బుట్టలో మెత్తగా పెట్టి, బుట్టను చెట్టుకు కట్టు. దూరంగా నిలబడు. తల్లి వచ్చి నోట కరుచుకుపోతుంది. తల్లి రాకపోతే అప్పుడు చూద్దాం."

"చూడండి, ఎంత ముద్దుగా ఉందో. ఒక్కసారి ఎత్తుకోండి."

"వద్దమ్మా," అన్నాడు. "ఎత్తుకుంటే నేను ఇవ్వలేను."

నీలమ్మ వెళ్ళి అలాగే చేసింది. సందెవేళకు పరుగున వచ్చి, తల్లి వచ్చింది, తీసుకుపోయింది అని చెప్పింది. మారిశెట్టి తల ఊపాడు. మాచమ్మ చూస్తుండగానే అతని కళ్ళు నిండాయి. వెండి అతని పక్కనే అరుగుమీద, అతను పగలగొట్టి ఇచ్చే గింజ కోసం చేతులు చాపి కూర్చుని ఉంది. అతను పగలగొట్టి ఇచ్చాడు.

కనుక పిల్లలూ, ఆపదలో ఉన్న ప్రాణిని ఆదుకోవడం పుణ్యమే గాని, ఆదుకున్న ప్రాణిని సమయానికి దాని చోటుకు చేర్చకపోతే ఆ పుణ్యమే పాపమవుతుంది.