ఉప్పుమడిలో అర్ధచంద్రాలు

రెండేళ్లుగా వకుళ ఒక్క జీవి వెంటే పడుతోంది. అది మామూలు కంటికి ఆనదు. నౌపడ ఉప్పు మళ్లలో, ఎండకు నీరు చిక్కబడి గులాబీ రంగు తిరిగి, చేపపిల్ల కూడా బతకని చోట ఉంటుంది. మైక్రోస్కోపులో చూస్తే చిన్న అర్ధచంద్రం. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు.

కానీ చూశానంటే చాలదు. ప్రయోగశాలలో విడిగా పెంచి చూపిస్తేనే కొత్త జాతి అని ఒప్పుకుంటారు. ఆమె తిండి పోసి పెట్టిన గాజు పళ్లేలన్నిటిలో వేరే సూక్ష్మజీవులు తెగ పెరిగాయి. అది మాత్రం తల ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున మళ్ల గట్టు మీద నడుస్తూ, తన గురువు పైడిరాజు మాస్టారితో మనసులో మాట చెప్పేసింది.

"పరిశోధన విషయం మార్చుకోమంటోంది మా పీహెచ్‌డీ కమిటీ. నాకూ అదే మంచిదనిపిస్తోంది మాస్టారూ. ఎంత బలమైన తిండి పెట్టినా దానికి బతకాలని లేదు."

"ఏం పెడుతున్నావు?"

వకుళ సంచిలోంచి సీసా తీసింది. మాంసపు రసం, ఈస్టు, చక్కెర కలిపి తనే కాచింది. రెండు రోజుల పని.

మాస్టారు మూత తీసి వాసన చూశారు. సీసా మొత్తం గట్టు మీద ఒంపేశారు. ఆయన పంచె ఎగ్గట్టుకుని మడిలోకి దిగి, సీసా కడిగి, ఆ నీళ్లే నింపి ఆమె చేతికిచ్చారు.

"ఇందులో తినడానికి ఏముంది మాస్టారూ?"

"నాకేం తెలుసమ్మా. అది బతుకుతున్నది మాత్రం దీంతోనే."

ఆ మధ్యాహ్నమే వకుళ ఆ నీళ్లను వడకట్టి, కాచి, చల్లార్చి ముప్పై గాజు గొట్టాల్లో పోసింది. ఒక్కొక్క దాంట్లో ఒక్క జీవి పడిందో లేదో అన్నంత పలచగా చేసిన, కాచని మడి నీటిచుక్క కలిపింది. ఇంకేమీ వేయలేదు.

వారమైంది. నీళ్లు తేటగా ఉన్నాయి. ఇదివరకైతే ఈపాటికి అన్నీ పారబోసేది. నెలైంది. గొట్టాలున్న అరను ఖాళీ చేయమని తోటివాళ్లు అడిగితే, తన పుస్తకాలు కింద పెట్టుకుని గొట్టాలను బల్ల మీదికి మార్చుకుంది.

కమిటీ పిలిచింది. "వేరే విషయం చూసుకున్నావా?"

"లేదండీ. ఇదే చేస్తాను."

వాళ్లు మళ్లీ అడిగారు. అయినా మాట మార్చలేదు.

డెబ్బై తొమ్మిదో రోజు ఒక గొట్టంలో నీళ్లు బియ్యం కడిగినవాటిలా పలచగా మసకబారాయి. చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. అన్నీ అర్ధచంద్రాలే. మరొకటి లేదు.

మాస్టారు వచ్చి మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. పక్కన నిలబడ్డ వకుళకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీనికి మీ పేరు పెడతాను మాస్టారూ."

ఆయన లేచి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "పేరు ఎక్కడికీ పోదు. పక్క మడిలో నీళ్లు ఇంకిపోతున్నాయి."

వకుళ ఖాళీ సీసా అందుకుని, చున్నీ తలకు చుట్టుకుని ఎండలోకి నడిచింది.