కాత్యాయని గారు తీసుకోని పుస్తకం

పరాంకుశం ఆ పుస్తకాన్ని మూడుసార్లు తీసుకువెళ్ళాడు. మూడుసార్లూ కాత్యాయని గారు దాన్ని ఉంచుకోలేదు.

"కోప్పడినా బాగుండేది, ఉస్తాద్. మంచినీళ్ళిచ్చారు. కూర్చోమన్నారు. పుస్తకం మాత్రం, 'ఇది మా వాడిది కాదు నాయనా' అని తిరిగి నా చేతిలోనే పెట్టేశారు. నేనేం చేయాలి?"

ఉస్తాద్ బుర్హానుద్దీన్ గారు పింగాణీ గిన్నెలో మైదా జిగురు కలుపుతున్నారు. ఒక పెద్ద గ్రంథాలయంలో చెదలు తిన్న పారశీక ప్రతులను నలభై ఏళ్ళపాటు బాగుచేసిన మనిషి. పదవీ విరమణ తరువాత పత్తర్‌గట్టీలోని మేడమీది గదిలో నలుగురైదుగురికి ఆ పని నేర్పుతున్నారు. శిష్యులందరిలోనూ పరాంకుశానిది నెమ్మదైన చేయి. ఆ సంగతి పరాంకుశానికి కూడా తెలుసు.

అతడు పాత కామిక్స్ కొని అమ్మేవాడు. ఆ వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. సంచికను విదేశంలోని పరీక్షకులకు పంపితే, వారు ప్రతి మడతనూ, ప్రతి మరకనూ చూసి పదికి ఇంత అని ఒక అంకె వేస్తారు. ఆ పైన దాన్ని గట్టి గాజులాంటి ప్లాస్టిక్ పెట్టెలో మూసి తిప్పి పంపుతారు. అంకెను బట్టి ధర. పెట్టె తెరిచిన మరుక్షణం ఆ అంకె చెల్లదు. పంపేముందు పరాంకుశం చేయి పడిన సంచికకు అంకె తప్పక పెరుగుతుందని సేకర్తలు చెప్పుకునేవారు.

కాత్యాయని గారు మున్సిపల్ పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. నిరుడు ఆమె ఒకే ఒక్క సంచిక తీసుకువచ్చారు. సముద్రగర్భంలో పోరాడే వీరుడి కథ, తొలి సంచిక. పదకొండేళ్ళకే రక్తపు జబ్బుతో పోయిన కొడుకు సుధన్వది. అతడు పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది.

"కాగితం అంచులు రాలిపోతున్నాయి నాయనా. మీరు అద్దాల పెట్టెలాంటి దానిలో పెట్టిస్తారట. నేనున్నన్నాళ్ళూ ఉంటే చాలు," అన్నారామె. అంతకు మించి ఏమీ అడగలేదు.

వెనుక అట్ట లోపలివైపు, తెల్లటి ఖాళీలో, పెన్సిలు గీతలు కనిపించాయి పరాంకుశానికి. నాలుగు నిలువు, వాటిమీద ఒకటి అడ్డం. అలా ఏడు గుంపులు, చివర విడిగా రెండు. మొత్తం ముప్పై ఏడు. అవి ఏమిటని అతడు అడగలేదు. ఉంటే అంకె తగ్గుతుందని మాత్రం అతనికి తెలుసు.

ఉస్తాద్ గదిలోనే నాలుగు రోజులు కూర్చున్నాడు. తురిమిన రబ్బరు పొడిని గీతలమీద చల్లి, వేలికొనతో గుండ్రంగా తిప్పుతూ, కాగితానికి నొప్పి తెలియకుండా ఒక్కొక్కటే తీసేశాడు. పెన్సిలు నొక్కిన గాట్లను వెచ్చని ప్రెస్సు కింద పెట్టి సమం చేశాడు. పుస్తకం తొమ్మిది పాయింట్ నాలుగుతో తిరిగి వచ్చింది. పుణేలో ఒక సేకర్త అప్పుడే మంచి ధర చెప్పి ఎదురుచూస్తున్నాడు. పరాంకుశం శుభవార్త మోసుకుపోతున్నాననుకున్నాడు.

ఆమె పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు.

"లోపలి అట్ట చూడాలంటే?"

"చూడలేమమ్మా. తెరవకూడదు."

"గీతలు అలాగే ఉన్నాయి కదా?"

"లేవమ్మా!" అన్నాడతను సంతోషంగా. "ఒక్కటి కూడా మిగల్చలేదు. భూతద్దం పెట్టినా కనబడదు."

ఆమె పెట్టెను తిరిగి అతని చేతిలో పెట్టారు. తరువాత, తరగతిలో చెబుతున్నంత నిదానంగా చెప్పారు. పుస్తకం ఒకసారి చదవడం పూర్తయితే వాడు ఒక గీత పెట్టేవాడు. ఐదేసి లెక్కపెట్టడం తానే నేర్పారు. చివరి రెండూ ఆస్పత్రిలో పెట్టాడు.

ఆ రెండూ వంకరగా ఉన్నాయని పరాంకుశానికి గుర్తుంది. పిల్లవాడి అజాగ్రత్త అనుకున్నాడు.

ఇదంతా విని ఉస్తాద్ చేతులు తుడుచుకున్నారు. పెట్టెను తీసుకుని గోటితో తట్టారు.

"దీన్ని చదివేదెలా?"

"చదవడానికి కాదు ఉస్తాద్, దాచడానికి."

"మా పెళ్ళి నాటి డిన్నర్ సెట్టు ఇలాగే ఉంది బేటా. అల్మారీలో. మా బేగం నన్ను ఒక్కపూట అందులో తిననివ్వలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, నాకు పళ్ళూ లేవు. ప్లేట్లు మాత్రం కొత్తగా ఉన్నాయి." పెట్టెను బల్లమీద పెట్టారు. "తెరిచి చూపించు."

"తెరిస్తే అంకె పోతుంది ఉస్తాద్."

"సరే. పోకూడదు."

ఆయన మళ్ళీ జిగురు గిన్నె దగ్గరికి జరిగారు.  పరాంకుశం జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఒక ఉపాయముంది. పని మొదలుపెట్టే ముందు ఫోటోలు తీశాను. ప్రతి గీతా ఎక్కడుందో, ఎంత పొడవుందో ఉంది. మళ్ళీ గీసేస్తాను. నా చేయి మీకు తెలుసు కదా. ఆవిడకు కూడా తేడా తెలియదు."

ఉస్తాద్ లేచి సొరుగు లాగి పెన్సిలు తీశారు. చాకుతో ఓపికగా చెక్కి, ఒక తెల్లకాగితంతో పాటు అతని ముందు పెట్టారు.

"ముందు దీనిమీద."

పరాంకుశం ఫోన్లో ఫోటో తెరిచి పక్కన పెట్టుకున్నాడు. మొదటి గుంపు గీశాడు. రెండోది, మూడోది. ఫోటోకూ కాగితానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఏడు గుంపులూ పూర్తయ్యాయి. ముప్పై ఆరో గీత దగ్గర అతని చేయి నెమ్మదించింది. అది గీశాడు. ముప్పై ఏడోదాని దగ్గర పెన్సిలు మొన కాగితాన్ని తాకకుండా అలాగే ఉండిపోయింది.

ఫోటోలో ఆ గీత సగం దాకా వచ్చి ఆగింది. ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలై కిందికి దిగింది.

"గీయి," అన్నారు ఉస్తాద్.

"నా వల్ల కాదు."

ఉస్తాద్ పెన్సిలు తీసుకుని సొరుగులో వేశారు. గీతలు గీసిన కాగితాన్ని నాలుగుగా మడిచి చింపేశారు. తరువాత, రోజూ పని ముగిశాక అడిగే మామూలు గొంతుతోనే అడిగారు.

"పొడి ఏదీ?"

పరాంకుశం తల ఎత్తాడు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన పుస్తకాన్ని యజమాని చేతికి తీసుకునేదాకా, దాని మీద వాడిన రబ్బరు పొడిని పారేయకూడదు. కాగితపు రేణువేదైనా ఊడివస్తే అందులోనే వెతకాలి. పొట్లం కట్టి, పుస్తకం పేరూ తేదీ రాసి, అలమరలో పెట్టాలి. యజమాని పుస్తకం తీసుకున్న రోజున చెత్తబుట్టలో వేయాలి.

కాత్యాయని గారు ఇంకా తీసుకోలేదు.

అతడు అలమర దగ్గరికి వెళ్ళి రెండో అరలో వెతికాడు. తన చేతిరాతతోనే ఉంది, తొమ్మిది నెలల కిందటి తేదీతో. విప్పాడు. వాడేముందు తెల్లగా ఉన్న పొడి బూడిదరంగుకు మారి ఉంది. పిడికెడు కూడా లేదు.

నిలబడే చాలాసేపు చూశాడు. తరువాత ఎలా మడతలున్నాయో అలాగే మడిచి బల్లమీద పెట్టాడు. చేయమని ఎవరూ చెప్పకుండానే, కాగితం మడిచే ఎముక పలకను పెట్టె అంచులోకి దూర్చి గట్టిగా తిప్పాడు. ప్లాస్టిక్ చిట్లిన చప్పుడైంది. అంకె ఉన్న చీటీ నేలమీద పడింది. ఇద్దరూ దాన్ని తీయలేదు.

"నేనూ వస్తాను," అన్నారు ఉస్తాద్, షేర్వాణీ గుండీలు పెట్టుకుంటూ. "మెట్లు దిగేటప్పుడు నా చేయి పట్టుకో."

కాత్యాయని గారు ఇద్దరికీ కుర్చీలు వేశారు. మంచినీళ్ళు తెచ్చారు. పరాంకుశం నీళ్ళు తాగలేదు.

"అమ్మా, గీతలను తిరిగి తీసుకురాలేను. వాటిని తీసిన పొడి ఇది. పారేయలేదు. ఇది నా దగ్గర ఉండకూడదు."

ఆమె పొట్లం అందుకుని ఒళ్ళో పెట్టుకుని విప్పారు. ఫ్యాను గాలికి ఎగురుతుందని ఉస్తాద్ లేచి వెళ్ళి స్విచ్చి ఆపారు.

"అన్నీ ఇందులో ఉన్నాయా?"

"ముప్పై ఏడూ ఉన్నాయమ్మా."

"ఆఖరివి కూడానా?"

"ఆఖరివి కూడా."

ఆమె వేలు పొడిలో పెట్టి, చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు వేలికొన బూడిదరంగుగా ఉంది. అప్పుడు, ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఏడవడం ఎక్కడ ఆపారో అక్కడినుంచి అందుకున్నట్టుగా, చప్పుడు లేకుండా ఏడ్చారు. 

కొంతసేపటికి ఆమె రెండో చేయి చాపారు.

"పుస్తకం ఇవ్వండి."

పెట్టె లేని పుస్తకాన్ని పరాంకుశం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మొదటి పుట తెరిచి, లోగొంతుకతో చదవసాగారు. వేలు తుడుచుకోలేదు. పుట తిప్పినప్పుడు అంచుమీద బూడిదరంగు ముద్ర పడింది. మరో పుట తిప్పారు. దానిమీదా పడింది.

"అమ్మా, వేలు..." అంటూ పరాంకుశం అలవాటుగా ముందుకు వంగాడు.

ఉస్తాద్ అతని మణికట్టు మీద చేయి వేశారు.

పరాంకుశం వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆమె చదువుతున్నారు. పుట తరువాత పుట మీద ముద్ర పడుతూనే ఉంది.